నేలకో పదును, ఫోటోకో పదును

సీమ రైతుకు పదును అన్న మాట రెండు చోట్ల పనికొస్తుంది. కొడవలికి పెట్టేది ఒక పదును, వాన వెలిశాక నేలకు వచ్చేది ఇంకో పదును. ఎర్రనేల పదును వేరు, నల్లరేగడి పదును వేరు. వాన కురిసిన మర్నాడు పత్తికొండ దిక్కున ఎర్రచేలో గొర్రు తోలవచ్చునేమో గానీ, కోవెలకుంట్ల రేగట్లో అదే పని చేస్తే మన్ను ముద్దలు ముద్దలుగా గొర్రుకు అంటుకుంటుంది. ఏ నేలకు ఎప్పుడు పదును వస్తుందో పిడికెడు మన్ను తీసి నలిపి చెప్పేస్తారు మన పెద్దలు.

ఫోటోకు కూడా పదును పెడతాం. దాన్నే షార్పెనింగ్ అంటున్నాం. పెళ్ళిళ్ళు, గండికోట, గుళ్ళు, పిట్టలు అన్నింటినీ రా ఫైళ్ళుగా తీసి కంప్యూటర్లో దిద్దుకునే కుర్రాళ్ళు కర్నూల్లో, కడపలో, నంద్యాలలో, ప్రొద్దుటూరులో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను ముట్టుకోరు. ఆ అంకె ఎక్కడిది, దాన్ని మన కెమెరాకు, మన రాళ్ళకు, మన ఎండకు తగ్గట్టు ఎలా మార్చుకోవచ్చు, ఏ అంకే పనిచేయని చోటు ఏది అని ఏళ్ళుగా పోగుచేసుకున్న సంగతుల్లో కొన్ని ఇవి.

25 నుంచి 40కి

లైట్‌రూమ్ క్లాసిక్‌లో గానీ, ఫోటోషాప్‌తో వచ్చే కెమెరా రాలో గానీ ఏ రా ఫైలు తెరిచినా షార్పెనింగ్ దగ్గర నాలుగు అంకెలు ముందే వేసి ఉంటాయి. అమౌంట్ 40, రేడియస్ 1.0, డీటెయిల్ 25, మాస్కింగ్ 0. మీరు ఏమీ చేయలేదనుకుంటున్న ఫోటోకు కూడా అంత పదును పడే ఉందన్నమాట. 2018 ఏప్రిల్‌కు ముందు ఆ అమౌంట్ 25 ఉండేది. ఆ నెలలో అడోబీ కలర్ అనే కొత్త ప్రొఫైల్ వచ్చినప్పుడు దాన్ని 40 చేశారు. అందుకే పాత ఫోటోలూ కొత్త ఫోటోలూ పక్కపక్కన పెడితే కెమెరా మారకపోయినా పదును మారినట్టు కనిపిస్తుంది. చాలామంది లెన్స్ పాడైందనో, బాగుపడిందనో అనుకున్నారు.

40 చెడ్డ అంకె కాదు. ప్రపంచంలోని అన్ని కెమెరాలకూ, అన్ని లెన్సులకూ, అన్ని రకాల ఫోటోలకూ పెద్దగా నష్టం లేకుండా సరిపోవాలని పెట్టిన అంకె. గండికోట లోయ అంచుకూ పెళ్ళికూతురి బుగ్గకూ అదే 40.

మూడింట రెండు వంతులు ఊహే

ఇది విన్న ఎవరైనా ఒకసారి ఆగి మళ్ళీ అడుగుతారు. మీ కెమెరా సెన్సర్ మీద ఒక్కో గడి ఒక్కో రంగునే కొలుస్తుంది. ఎరుపు కొలిచే గడికి ఆకుపచ్చ తెలియదు, నీలం తెలియదు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ గడుల అమరికను కనిపెట్టాడు, 1976లో పేటెంటు వచ్చింది. అందులో సగం గడులు ఆకుపచ్చవి, పావు ఎరుపు, పావు నీలం. మన కన్ను వివరాలను ఎక్కువగా ఆకుపచ్చ వెలుగులోనే పట్టుకుంటుంది గనుక దానికి రెట్టింపు చోటిచ్చాడు.

ఒక గడికి మూడు రంగులు కావాలి, కొలిచింది ఒక్కటే. మిగతా రెండూ ఇరుగుపొరుగు గడులను అడిగి సాఫ్ట్‌వేర్ పూరిస్తుంది. అంటే తయారైన ఫోటోలో రంగుల అంకెల్లో మూడింట రెండు వంతులు లెక్కకట్టినవే. అలా పూరించేటప్పుడు అంచులు కొంచెం మెత్తబడతాయి. దానికి తోడు చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు ఒక పలుచటి ఫిల్టరు కావాలనే బొమ్మను కాస్త మసక చేస్తుంది. లేకపోతే పట్టుచీర నేతలో, జాలీ కిటికీల్లో లేని చారలు పుట్టుకొస్తాయి. 2012లో నికాన్ ఒకే కెమెరాను రెండు రకాలుగా అమ్మింది. డీ800లో ఆ ఫిల్టరు పనిచేస్తుంది, డీ800ఈలో దాని ప్రభావాన్ని తీసేశారు. మొదటిదానికి సరిపోయిన పదును రెండోదానికి ఎక్కువైపోతుంది.

రా ఫైలుకు ఎంతో కొంత పదును తప్పనిసరి అనేది ఇందుకే. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం అది. పోయింది ఎంతో మీ కెమెరాను బట్టి ఉంటుంది.

కెమెరా మెనూలో ఎంత పెంచినా రా ఫైలుకు అంటదు

కెమెరాలో షార్ప్‌నెస్ 7, 8 అని పెట్టుకుని రా తీసేవాళ్ళున్నారు. ఆ అమరిక జేపెగ్‌కు మాత్రమే పనిచేస్తుంది. కెమెరా వెనక తెర మీద కనిపించేది కూడా రా ఫైలు లోపల దాచిన జేపెగ్ బొమ్మే. తెర మీద పదునుగా కనిపించి, లైట్‌రూమ్‌లో తెరవగానే మెత్తబడ్డట్టు అనిపించడం అందువల్లే. నికాన్ ఉచితంగా ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియో, కానన్ ఇచ్చే డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ మాత్రం కెమెరాలో పెట్టిన అమరికను చదివి దాంతోనే మొదలుపెడతాయి.

కాటుక చేసే పనే ఇది

పాపాయి కళ్ళకు అవ్వ కాటుక దిద్దితే కళ్ళు పెద్దవైనట్టూ, తెల్లగుడ్డు ఇంకా తెల్లబడినట్టూ ఉంటుంది. కన్ను మారలేదు, అంచు మారింది. షార్పెనింగ్ చేసేదీ అంతే. నీడ వైపు 90 ఉన్న గడిని 80 చేస్తుంది, వెలుగు వైపు 140 ఉన్నదాన్ని 150 చేస్తుంది. మధ్య తేడా 50 నుంచి 70కి పెరిగింది. కొత్త వివరం ఒక్కటి కూడా పుట్టలేదు, ఉన్న అంచుకు కాటుక పడింది.

దీన్ని మన కన్ను పుట్టుకతోనే చేస్తుందని మీకు తెలుసా? ఒక బూడిదరంగు పట్టీ పక్కన ఇంకొంచెం ముదురు పట్టీ పెడితే, రెండూ కలిసే చోట లేత వైపు ఒక తెల్ల గీత, ముదురు వైపు ఒక నల్ల గీత ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఏ గీతా ఉండదు. ఎర్న్‌స్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1865లో దీన్ని వివరించాడు. తరవాత హాల్డన్ హార్ట్‌లైన్ అనే అమెరికా శాస్త్రవేత్త హార్స్‌షూ పీత కంటి మీద పరిశోధించి కారణం చూపించాడు. వెలుగు పడిన ఒక కంటికణం తన పక్క కణాల గొంతు కాస్త నొక్కుతుంది, అంచు దగ్గర ఆ తేడా ఎక్కువై గీతలా తోస్తుంది. కంటి మీద చేసిన ఈ కృషికి 1967లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

లేపాక్షి గుడి కప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రకారులు ప్రతి రూపానికీ నల్లటి గీతతో అంచు కట్టారు. కింద నిలబడి తల పైకెత్తి చూసేవాడికి చీరల అంచులూ కనుముక్కు తీరూ ఇప్పటికీ విడివిడిగా కనిపించడం ఆ గీతల పుణ్యమే. మన సీమలో పదును పెట్టే విద్యకు అది మంచి పాఠం. గీత సన్నగా ఉన్నంతవరకూ రూపం కనిపిస్తుంది, లావైతే గీతే కనిపిస్తుంది.

మసక బొమ్మతో పదును

ఫోటోషాప్‌లో పదును పెట్టే పనిముట్టు పేరు అన్‌షార్ప్ మాస్క్. పదును లేని ముసుగు అని దాని అర్థం. ఆ పేరు ఫిల్ము రోజులది. నెగటివ్‌కు కావాలనే ఒక మసక పాజిటివ్ నకలు తీసి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కాగితం మీద అచ్చువేసేవాళ్ళు. మసక నకలు పెద్ద పెద్ద వెలుగునీడల తేడాలను అణచేది, సన్నటి అంచులను మాత్రం ముట్టుకునేది కాదు. దాంతో అంచులు తేరుకుని కనిపించేవి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అదే లెక్క చేస్తుంది. అసలు బొమ్మలోంచి మసక బొమ్మను తీసివేసి, మిగిలిన తేడాను కొంత పెంచి అసలు బొమ్మకు కలుపుతుంది. ఎంత పెంచాలి అనేది అమౌంట్. మసక ఎంత వెడల్పు అనేది రేడియస్.

కలమళ్ళ రాయి నేర్పిన సంగతి

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో చెన్నకేశవాలయం ఆవరణలోని శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరు పొందింది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది, క్రీ.శ. 575 నాటిది. అలాంటి పాత శాసనాల ఫోటోలు దిద్దేటప్పుడే షార్పెనింగ్ ఎంత మేలు చేస్తుందో, ఎంత మోసం చేస్తుందో నాకు బాగా తెలిసింది.

రాతి మీద అక్షరం అంటే ఒక గాడి. పొద్దున్నే ఏటవాలు ఎండ పడితే గాడికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. అమౌంట్ 40 దగ్గర అక్షరం కనిపిస్తుంది. 60 దగ్గర ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ ఆగక 110 దాకా లాగాను. అరిగిపోయిన ఒక అక్షరం పక్కన తలకట్టు లాంటి గీత తేలింది. సంబరపడిపోయి ఒక పెద్దాయనకు చూపించబోయాను. అంతలో అనుమానం వచ్చి అమౌంట్‌ను సున్నాకు తెచ్చి, బొమ్మను నూరు శాతానికి పెంచి చూశాను. అది రాతి పలుకు. వరసగా నాలుగు పలుకులు ఉన్నాయి, పదును వాటిని కలిపి గీత చేసింది.

ఆ రోజు నుంచి శాసనాల ఫోటోలకు నాకు విడిగా ఒక ప్రీసెట్ ఉంది. అమౌంట్ తక్కువ, డీటెయిల్ ఇంకా తక్కువ. డీటెయిల్ స్లైడర్ పెంచినకొద్దీ సన్నటి గరుకును కూడా వివరంగానే లెక్కపెట్టుకుని పైకి తెస్తుంది. గండికోట బండలకు అది కావాలి, శాసనానికి వద్దు. శాసనం చదవాలంటే పదును కన్నా పక్కనుంచి పడే వెలుగు ముఖ్యం. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, రెండో దిక్కు వెలుగులో ఇంకో ఫోటో తీసుకోవడం మంచి పద్ధతి.

పాత కర్నూలు జిల్లా కేతవరం రాతి చిత్రాల్లాంటివాటికి పదును అసలు సాయపడదు. అక్కడ వెలిసిపోయింది అంచు కాదు, రంగు. దానికి జాన్ హార్మన్ తయారుచేసిన డీస్ట్రెచ్ వంటి, రంగుల తేడాను లాగి చూపే పనిముట్లు వేరే ఉన్నాయి.

ఆల్ట్ మీట నొక్కి లాగండి

లైట్‌రూమ్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి షార్పెనింగ్ స్లైడర్లను లాగితే బొమ్మ నలుపు తెలుపులోకి మారి, ఆ స్లైడర్ ఎక్కడ ఏం చేస్తుందో విప్పి చూపిస్తుంది. మాస్కింగ్ దగ్గర ఇది కళ్ళు తెరిపిస్తుంది. తెల్లగా ఉన్నచోట పదును పడుతుంది, నల్లబడిన చోట పడదు. మాస్కింగ్ సున్నాలో ఉంటే తెర అంతా తెల్లన.

మా ఊళ్ళో ఒక అవ్వ ఫోటో ఉంది నా దగ్గర, వేరుశనగ కాయలు వలుస్తూ కూచున్నది. 40, సున్నా మాస్కింగ్‌తో చూస్తే ఆమె ముఖం మీది ముడతలు ఎండిన చెరువు నెర్రెల్లా కనిపించాయి. ఆల్ట్ పట్టుకుని మాస్కింగ్‌ను మెల్లగా లాగాను. 20 దగ్గర బుగ్గలు మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. 60 దాటాక బుగ్గలూ నుదురూ పూర్తిగా నల్లన, కనురెప్పలూ ముక్కుపుడకా కొంగు అంచూ చేతిలో కాయల గీతలూ మాత్రం తెల్లన. మీట వదిలేశాను. ఆమె ముడతలు ఆమెకున్నాయి, నేను కొత్తగా చెక్కినవి పోయాయి.

లైట్‌రూమ్ తయారుచేసే అడోబీ వాళ్ళకు కూడా ఈ తేడా మొదటినుంచీ తెలుసు. లైట్‌రూమ్‌తో పాటు ఇచ్చిన రెండు పాత ప్రీసెట్లు చూడండి. దృశ్యాల కోసమని సీనిక్: అమౌంట్ 40, రేడియస్ 0.8, డీటెయిల్ 35, మాస్కింగ్ 0. ముఖాల కోసమని ఫేసెస్: అమౌంట్ 35, రేడియస్ 1.4, డీటెయిల్ 15, మాస్కింగ్ 60. అమౌంట్‌లో తేడా అయిదే. అసలు తేడా మిగతా మూడింటిలో ఉంది. అందరూ అమౌంట్ మీదే చెయ్యేస్తారు, పని జరిగేది మాత్రం మిగతా మూడింటి దగ్గర.

ఒక్క జాగ్రత్త. ఈ నాలుగింటినీ నూరు శాతం సైజులో చూసి మాత్రమే సరిచేయాలి. తెరకు సరిపడా కుదించిన బొమ్మలో పదును సరిగా తెలియదు.

మూడు సార్లు, మూడు పదునులు

ఎడిన్‌బరోలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ బ్రూస్ ఫ్రేజర్ అనే ఆయన పదును గురించి ప్రపంచం ఆలోచించే తీరునే మార్చాడు. పదును ఒక్కసారి కాదు, మూడు విడతలుగా పెట్టాలన్నాడు. మొదట కెమెరా పోగొట్టినదాన్ని తెచ్చుకోవడానికి కొద్దిగా. తరవాత చూపు ఎక్కడ నిలవాలో అక్కడ, కళ్ళకో గోపురానికో, చేత్తో. చివర కాగితానికో తెరకో వెళ్ళే ముందు దానికి తగ్గట్టు. ఆయన 2006 డిసెంబరులో చనిపోయాడు. లైట్‌రూమ్‌లో ఫోటో బయటికి పంపేటప్పుడు తెర, మ్యాట్ కాగితం, గ్లాసీ కాగితం అని అడిగి, తక్కువా మామూలా ఎక్కువా అని అడిగే చోటు ఉంది కదా, అది ఆయన ఆలోచనల నుంచి వచ్చిందే.

డిఫాల్ట్ అంకె ఈ మూడింటిలో మొదటి విడతది మాత్రమే. ఇది తెలియక మొదట్లోనే 120 పెట్టేసేవాళ్ళు మిగతా రెండు విడతలకూ చోటు లేకుండా చేసుకుంటున్నారు. మా చుట్టాల పెళ్ళికి నేనూ ఇదే పొరపాటు చేశాను. తెర మీద తళతళలాడేలా పదును పెట్టి ఒక ల్యాబుకు ఇచ్చాను. వాళ్ళ యంత్రం అలవాటు ప్రకారం ఇంకోసారి పదును పెట్టింది. కరిజ్మా ఆల్బమ్ చేతికొచ్చాక చూస్తే ముహూర్తపు చీర జరీ అంచు పొడుగునా తెల్లటి గీత, తలంబ్రాల బియ్యం గింజ గింజకూ నల్లటి వలయం. మళ్ళీ వేయించాల్సి వచ్చింది. ఇప్పుడు ల్యాబుకు ఇచ్చేముందు ఒక్కటే అడుగుతాను: "అన్నా, మీ దగ్గర షార్ప్ వేస్తారా, నన్నే వేసుకొని రమ్మంటారా?"

కూడలిలో కట్టే ఫ్లెక్సీది ఇంకో లెక్క. రోడ్డు అవతలినుంచి చూసేదానికి వెడల్పాటి రేడియస్ కావాలి. దగ్గరికెళ్ళి చూస్తే మోటుగానే ఉంటుంది, ఉండాలి కూడా.

దేవరగట్టు రాత్రి, గండికోట తెల్లవారుజాము

అన్నింటికన్నా ఎక్కువ మందికి పనికొచ్చే సంగతి ఇది. 2020 ఫిబ్రవరి నుంచి లైట్‌రూమ్ క్లాసిక్‌లో రా ఫైళ్ళకు మన సొంత డిఫాల్ట్ పెట్టుకోవడం చాలా సులువైంది. ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ అన్న పేజీలో రా డిఫాల్ట్స్ అని ఉంటుంది. అక్కడ అడోబీ డిఫాల్ట్ అని ఉన్నచోట మీ ప్రీసెట్ ఎంచుకుంటే చాలు. రెండు కెమెరాలుంటే దేనికది విడిగా పెట్టవచ్చు. ఒకే మోడల్ కెమెరాలు రెండున్నా సీరియల్ నంబరును బట్టి వేరుచేసుకోవచ్చు.

ఆ తరవాత వచ్చిన ఇంకో సౌకర్యం ఐఎస్ఓను బట్టి మారే ప్రీసెట్. దీని విలువ దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో తెలుస్తుంది. మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవంలో చీకట్లో దివిటీలు వెలుగుతుంటాయి. కర్రలు గాల్లో ఉంటాయి, జనం ఒక్క క్షణం నిలవరు. ఐఎస్ఓ 6400కు తగ్గితే ఏ చెయ్యీ నిలిచి కనిపించదు. ఆ ఫోటోలో చీకటంతా గింజలు గింజలుగా నాయిస్. దానికి గండికోట తెల్లవారుజాము ఫోటోకు పెట్టే పదును పెడితే ప్రతి నాయిస్ గింజకూ కాటుక పెట్టినట్టే.

చేయాల్సింది ఇదీ. ఒకే కెమెరాతో ఐఎస్ఓ 100లో ఒకటి, 6400లో ఒకటి తీయండి. రెండింటినీ విడివిడిగా మీ కంటికి నచ్చేలా పదును, నాయిస్ సరిచేయండి. రెండింటినీ కలిపి ఎంచుకుని కొత్త ప్రీసెట్ చేస్తూ, ఐఎస్ఓ అడాప్టివ్ అన్నచోట టిక్కు పెట్టండి. ఇక ఐఎస్ఓ 800కు, 1600కు ఎంత కావాలో సాఫ్ట్‌వేరే ఆ రెంటి మధ్య లెక్కగట్టుకుంటుంది. నా కెమెరాకు కుదిరినవి చెబుతాను: 100 దగ్గర అమౌంట్ 55, రేడియస్ 0.8, డీటెయిల్ 40, మాస్కింగ్ 10. 6400 దగ్గర అమౌంట్ 25, రేడియస్ 1.2, డీటెయిల్ 10, మాస్కింగ్ 50. మీ కెమెరాకు ఇవే కుదరాలని లేదు.

కొత్త డిఫాల్ట్ ఇకమీదట దింపుకునే ఫోటోలకే పడుతుంది. పాతవి మీరు రీసెట్ చేస్తే తప్ప మారవు. పాతవన్నీ చెడిపోతాయన్న భయం అక్కర్లేదు.

డబ్బు పెట్టకుండా

డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం. డార్క్‌టేబుల్‌లో ఏ ప్రీసెట్‌నైనా కెమెరాను బట్టి, లెన్సును బట్టి, ఐఎస్ఓను బట్టి తనంతట తానే పడేలా చేయవచ్చు. రాథెరపీలోనూ అలాంటి నియమాలు రాసుకోవచ్చు. పైగా 2020లో వచ్చిన 5.8 వెర్షన్‌లో క్యాప్చర్ షార్పెనింగ్ అని ఒకటి చేర్చారు. ఫోటో ఎంత మెత్తబడిందో తానే కొలిచి రేడియస్ తానే పెట్టుకుంటుంది. దుడ్లు పెట్టి కొనే క్యాప్చర్ వన్‌లో కెమెరాకు తగ్గ డిఫాల్ట్ దాచుకోవడం ఒక్క నొక్కు పని.

హబుల్ నుంచి మన బల్ల మీదికి

ఆ క్యాప్చర్ షార్పెనింగ్ వాడే లెక్క పేరు రిచర్డ్‌సన్–లూసీ. 1972లో విలియం రిచర్డ్‌సన్, 1974లో లియాన్ లూసీ విడివిడిగా కనిపెట్టారు. 1990లో ఆకాశంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్ల మేర తప్పుగా అరగదీశారని తేలింది. వెంట్రుక మందంలో అదెంత? కానీ నక్షత్రాలన్నీ చుట్టూ మసకతో వచ్చాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి సరిచేసేదాకా శాస్త్రవేత్తలు ఈ లెక్కతోనే ఆ మసకను వెనక్కి తీసి పని నడిపారు. అన్‌షార్ప్ మాస్క్ అంచుకు కాటుక దిద్దితే, ఇది మసక ఎలా పడిందో ఊహించి దాన్ని విప్పే ప్రయత్నం చేస్తుంది.

గండికోటలో ఇది ఒక మామూలు కష్టాన్ని తీరుస్తుంది. సూర్యుడు చుక్కలా విచ్చుకోవాలనీ, కాళ్ళ దగ్గరి బండ నుంచి పెన్న అవతలి గట్టు దాకా అంతా నిలవాలనీ ఎఫ్ 16 పెడతాం. అంత చిన్న కంతలోంచి వచ్చిన వెలుగు చుక్క సెన్సర్ మీద దాదాపు 21 మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్–సీ కెమెరాలో ఒక గడి నాలుగు మైక్రాన్లకు తక్కువే. అంటే ఒక చుక్క అయిదు గడుల వెడల్పున పడింది. ఎఫ్ 8 దగ్గర అందులో సగం. నా మాటగా చెప్పాలంటే ఎఫ్ 11 దగ్గర ఆగడం మేలు, మిగిలింది పదునుకు వదలండి.

ఎండకు మందు లేదు

పాత కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిభూములను బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేశారు. 614 హెక్టార్లు. అక్కడ మే నెల పదకొండు గంటలకు కృష్ణజింకను పొడుగాటి లెన్సులో చూస్తే కాళ్ళు నీళ్ళలో ఉన్నట్టు కదులుతాయి. నేల కాగి గాలి పొరలు పొరలుగా లేస్తోంది. ఒక్కో పొర వెలుగును ఒక్కో పక్కకు వంచుతుంది. ఫోటో మెత్తగా వస్తుంది, కొత్తవాళ్ళు లెన్సును తిడతారు. అమౌంట్ 150 పెట్టినా జింక కన్ను తేలదు. పైగా ఆ అలలకే అంచులు పుడతాయి. హబుల్ మసక ఎప్పుడూ ఒకే తీరు గనుక లెక్కకు అందింది, ఎండగాలి మసక క్షణానికో తీరు.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య తీయడం, జింకకు వీలైనంత దగ్గరగా ఉండడం, అంతే. మబ్బు పట్టిన శ్రావణమాసపు పొద్దుటి ఫోటోకు 40 కూడా ఎక్కువే అనిపిస్తుంది.

లేని ఈక మొలవకూడదు

కలివికోడి అనే పిట్టను 1900 తరవాత ఎవరూ చూడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. దానికోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల మధ్య మన్ను రంగులో కలిసిపోతుంది. ఇలాంటి పిట్టల విషయంలో ఒక ఫోటో అంటే సాక్ష్యం. రొమ్ము మీది పట్టీలు ఎన్ని, ఎక్కడ అన్నది ఫోటో చూసి తేల్చాల్సి రావచ్చు.

2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి కృత్రిమ మేధతో నాయిస్ తీసే పనిముట్టు వచ్చింది. దేవరగట్టు ఫోటోలకు నేనూ వాడతాను, చాలా బాగుంటుంది. కానీ అలాంటివి ఈక ఇలా ఉండాలి అని నేర్చుకుని ఈకలా కనిపించేలా దిద్దే ప్రమాదం ఉంది. శాసనం, అరుదైన పిట్ట, పాత కుడ్యచిత్రం, ఈ మూడింటి విషయంలో రా ఫైలును తాకకుండా దాచండి, మామూలు పదునుతో చేసిన ప్రతి ఒకటి పక్కన పెట్టండి.

మీ గడప రాయే మీ పరీక్ష

మన ఇళ్ళలో గడప ముందో, అరుగు మీదో కడప నాపరాయి గానీ బేతంచెర్ల నాపరాయి గానీ ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు మన నాపరాళ్ళలో చాలావాటిని నార్జి సున్నపురాయి అంటారు. మెత్తటి పలుకు, మీద సన్నటి గీతలు, ఒక్కోచోట ఉలి గాట్లు. పదును పరీక్షించడానికి బజారులో కొనే అచ్చు పటాలకన్నా ఇది మేలని నా నమ్మకం. ఎందుకంటే ఇందులో పెద్ద అంచులూ ఉన్నాయి, అణచాల్సిన గరుకూ ఉంది.

ఈ ఆదివారం పొద్దున ఏడు గంటలకు, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఆ రాయిని ఎఫ్ 8 దగ్గర ఐఎస్ఓ 100లో, 1600లో, 6400లో తీయండి. నూరు శాతంలో తెరిచి, గీతలు తేలి గరుకు తేలని చోట ఆపండి. వచ్చిన అంకెలను ఒక కాగితం మీద రాసి కెమెరా బ్యాగులో పెట్టుకోండి, వాటితోనే మీ డిఫాల్ట్ చేసుకోండి. కెమెరా మార్చినా, లెన్స్ మార్చినా మళ్ళీ ఆ రాయి దగ్గరికే రండి.